ఆషాఢమాసంలో చిప్పు మార్పిడి

ఆషాఢమాసంలో కొత్తల్లుడు అత్తవారింటి గడప తొక్కకూడదు. అత్తా అల్లుడూ ఆ నెల రోజులూ ఒకే గడప దాటకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు కానీ, పెట్టేనాటికి ఆయనకి పెళ్ళయి కనీసం పాతికేళ్ళు దాటి ఉంటాయని మాత్రం ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేసి చెప్పగలను.

మా పెళ్ళి తొంభైల చివర్లో, జ్యేష్ఠమాసపు ఆఖరి ముహూర్తానికి జరిగింది. కాళ్ళ పారాణి ఆరకముందే ఆషాఢం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మామగారు, అత్తగారు టాక్సీ వేసుకొచ్చి వాళ్ళమ్మాయిని రావులపాలెం అవతల ఉన్న తమ ఊరికి తీసుకెళ్ళిపోయారు. నేను రాజమండ్రిలో మిగిలిపోయాను. మధ్యలో బస్సులో గంట ప్రయాణం. నా లెక్క ప్రకారం మాత్రం రెండు సముద్రాలు, ఒక ఎడారి, పులులు తిరిగే ఒక అడవి. దానికి తోడు ఆ ఏడాది ఆషాఢంలో అయిదు ఆదివారాలు పడ్డాయి. నాలుగు చాలవని ఎవరు ఫిర్యాదు చేశారో!

మా అత్తగారు నియమాల దగ్గర గట్టి మనిషి. కారు ఎక్కబోతూ, తలుపు పట్టుకుని నిలబడ్డ నా మొహం చూసి కాస్త మెత్తబడ్డారు. "పనుంటే ఎవరైనా వస్తారు బాబూ, తప్పులేదు. పని లేకుండా ఆషాఢంలో అల్లుడు ఊళ్ళోకొస్తే పదిమందీ ఏవనుకుంటారు చెప్పండి?" అన్నారు.

ఆ మాటలో నాకు 'పనుంటే' అన్న ముక్క ఒక్కటే వినిపించింది. మిగతాది గాలికి పోయింది. పని ఎక్కడ దొరుకుతుందా అని మూడు రోజులు అన్నం సయించక తిరిగాను. నాలుగో రోజు పని తనంతట తనే నేను పనిచేసే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేసింది.

"అల్లుడుగారూ, మన కంప్యూటర్ లేవట్లేదండీ," అన్నారు మామగారు. గొంతులో దగ్గరి బంధువుకి బాగాలేదన్నంత దిగులుంది.

ఆ కంప్యూటర్ గురించి చెప్పాలి. మామగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ స్కూల్లో ఎప్పుడో ఎనభైల్లో వచ్చిన పాత మెషిన్ ఒకటి, కొత్తవి రాగానే మూలపడింది. చూడ్డానికి లావుపాటి కీబోర్డులా ఉంటుంది. కంప్యూటరంతా ఆ కీబోర్డు పొట్టలోనే. దాన్ని టీవీకి తగిలించాలి. పాత బల్లలతో పాటు దాన్నీ వదిలించుకుంటుంటే మామగారు చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి, అది కీచుమని అరిచినంతసేపూ ఓపికపడితే, టీవీలో చదరంగం బల్ల వచ్చేది. ఆయనకి కావలసింది అదే. ఆ ఊళ్ళో పేకాట ఆడేవాళ్ళు ఇంటికి నలుగురున్నారు. చదరంగానికి మాత్రం పిలిస్తే, "ముక్కలెన్ని పంచుతారండీ?" అని అడిగేవాళ్ళే అందరూ. ఆయన జీవితంలో మిగిలిన ఏకైక ప్రత్యర్థి ఆ మెషిన్. అదిప్పుడు లేవట్లేదు.

ఇక నా సంగతి. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి నన్ను 'కంప్యూటర్ ఇంజినీరు' అని పరిచయం చేశాడు. నేను కాదనలేదు. నిజానికి ఇన్‌స్టిట్యూట్‌లో నేను నేర్పేది మూడు విద్యలు. ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం, మధ్యలో టైపు చెయ్యడం. కంప్యూటర్ మూత విప్పి లోపల చూడ్డమంటే, నాకు, ఆపరేషన్ థియేటర్లోకి పూలదండల కొట్టువాడు వెళ్ళినట్టు.

అయినా సరే, "ఆదివారం వచ్చి చూస్తానండి, నా పనే అది కదండీ," అనేశాను. ఫోన్ పెట్టేశాక అసలు చిక్కు తెలిసింది. ఆ మెషిన్ బూట్ అయితే నాకు మళ్ళీ వెళ్ళడానికి పనుండదు. బూట్ అవ్వకపోతే పరువుండదు. భార్య మొహమా, పరువా తేల్చుకోమని ప్రపంచంలో ఏ కంప్యూటరూ ఎవర్నీ ఇలా నిలబెట్టి అడిగి ఉండదు.

మొదటి ఆదివారం అరటిగెలల లారీల వెనకాలే బస్సు నత్తనడక నడిచింది. గోదావరి ఎర్రబడి, వంతెన కింద ఒరుసుకుంటూ పోతోంది. నాకు అదేమీ పట్టలేదు. ఊళ్ళో దిగి మామగారి వీధిలోకి తిరిగేసరికి నాకు ఏర్పాట్లన్నీ జరిగిపోయి ఉన్నాయి. అత్తగారి గడప తొక్కకూడదు గనక, ఎదురింటి అరుగు మీద నాకో మడతకుర్చీ వేశారు. ఆ ఇంట్లో ఒక్కతే ఉండే బామ్మగారు, ఒళ్ళో దూది పెట్టుకుని వత్తులు చేసుకుంటూ అరుగు మీదే కూర్చుని ఉంది. కుర్చీలోంచి చూస్తే వీధి, వీధికవతల మామగారి అరుగు, దాని వెనక తెరిచిన గుమ్మం, గుమ్మంలోంచి హాల్లో ఉన్న టీవీ వీపు కనిపిస్తాయి. వీపు మాత్రమే. టీవీని ఇవతలికి తిప్పమంటే అత్తగారు ఒప్పుకోలేదు. యాంటెన్నా వైరు కదిలితే సాయంత్రం సినిమాలో హీరోయిన్లు నలుగురు కనిపిస్తారట. బామ్మగారింట్లో ఉన్నది రేడియో ఒక్కటే.

అంచేత మెషిన్‌ని విప్పి చూడాలంటే మా ఆవిడ దాన్ని వీధి దాటించి నా దగ్గరికి తేవాలి. వేసి చూడాలంటే మళ్ళీ వీధి దాటించి హాల్లో టీవీకి తగిలించి, ఏం కనిపించిందో గుమ్మంలోకొచ్చి నాకు చెప్పాలి. ఇంతకన్నా మంచి పద్ధతి నేను కావాలని ఆలోచించినా దొరికేది కాదు.

ఆవిడ మెషిన్‌ని రెండు చేతులా పట్టుకుని, తల వంచుకుని, నవ్వు ఆపుకుంటూ వీధి దాటి వచ్చింది. మా ఇద్దరి మధ్యా సరిగ్గా మూడడుగుల చోటుంటే బామ్మగారు పీట జరుపుకుని ఆ మూడడుగుల్లో కూర్చుంది.

"నాకు కంప్యూటర్లంటే మహా ఇష్టం నాయనా. నేనిక్కడే కూర్చుని చూస్తాను. మీ పని మీరు కానివ్వండి," అంది.

మూత విప్పాను. లోపల ఆకుపచ్చ అట్ట మీద నల్లటి జెర్రులు బారులు తీరి పడుకున్నట్టు చిప్పులున్నాయి. నేను డాక్టరు నాడి చూసినట్టు ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి, "ఊఁ... ఊఁ..." అన్నాను. వాటిలో ఇరవై ఎనిమిది కాళ్ళ జెర్రి ఒకటి వేరుగా ఉంది. దాని వీపు మధ్యలో చిన్న గాజు కిటికీ. కిటికీలోంచి లోపల ఏదో మెరుస్తోంది. ఇది మాత్రం నాకు తెలుసు. ఒకసారి ఏదో పత్రికలో బొమ్మ చూశాను. మెషిన్ కళ్ళు తెరవగానే తను ఎవరో, ఏం చెయ్యాలో మొట్టమొదట ఇందులోనే చదువుకుంటుంది. అయితే ఆ బొమ్మలో కిటికీ మీద ఒక స్టిక్కర్ ఉన్నట్టు గుర్తు.

"మావయ్యగారూ!" వీధి అవతలికి కేకేశాను. "దీని మీద స్టిక్కర్ ఏదైనా ఉండేదాండీ?"

మామగారు అరుగు చివరికొచ్చారు. "ఉండేది బాబూ. వానాకాలం వస్తోంది కదా, కింద తేమ చేరుతుందని గోటితో గీకి తీసేశాను. తర్వాత బాగా ఎండబెట్టాం."

"ఎండబెట్టారా?"

"మరి ఎండబెట్టకపోతే ఎలాగండీ?" గుమ్మంలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "పెళ్ళి వడియాలు పెట్టాం కదా డాబా మీద, రోహిణికార్తెలో. పరుపులు, మినప్పప్పు, చింతపండు, మీ మావగారి పుస్తకాలు... అన్నీ ఎండలో వేశాం. ఇదొక్కటీ ఏం పాపం చేసుకుందని, మూత విప్పి గుమ్మడి వడియాల పక్కన ఓ గుడ్డ మీద పెట్టాను. పదిరోజులూ నేనే తిరగేశాను."

కోనసీమలో తేమ తగిలే ప్రతి వస్తువుకీ ఒకటే వైద్యం. ఏడాదికోసారి డాబా ఎక్కించడం. పెళ్ళి హడావిడిలో ఆ తర్వాత మెషిన్‌ని ఎవరూ వెయ్యలేదు. పెళ్ళయి తీరిక చిక్కాక వేస్తే లేవలేదు. ఎండకీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. తెలియదని చెప్పడం ఇంజినీర్లకి తగదు గనక, చిప్పుని మా ఆవిడ జడ పిన్నుతో మెల్లగా పైకి లేపి, అగ్గిపెట్టెలో దూది పరిచి, అందులో పడుకోబెట్టి, "దీన్ని రాజమండ్రి తీసుకెళ్ళి పరీక్ష చేయించాలండీ. వచ్చే ఆదివారానికి రిపోర్టు వస్తుంది," అన్నాను. దూది బామ్మగారు దానం చేసింది.

మా ఆవిడ కంద బచ్చలి కూర, మామిడికాయ పప్పు వేసిన కంచం వీధి దాటించి తెచ్చింది. బామ్మగారు మధ్యలో కూర్చునే, నేను ముద్ద ముద్దకీ ఎటు చూస్తున్నానో లెక్కపెట్టింది.

రాజమండ్రిలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉండేవాడు. పెళ్ళి పందిళ్ళకీ తీర్థాలకీ రంగు బల్బులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తుతాయి చూడండి, అవి ఎటు పరిగెత్తాలో చెప్పే చిప్పులు రాయడం ఆయన పని. నెమలి పురి విప్పాలన్నా, చక్రం తిరగాలన్నా ఆయన రాయాల్సిందే. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు గనక కొట్లో ఈగలు తోలుకుంటున్నాడు. నన్ను చూడగానే నెమలికన్నా ఎక్కువ పురి విప్పాడు.

నా చిప్పుని తన పెట్టెలో పెట్టి చదివి, నా వైపు తిరిగాడు. "సార్, ఇందులో ఏమీ లేదు. తెల్లకాగితం. ఎండలో గానీ పెట్టారా?"

"పదిరోజులు."

"అబ్బే, మరీ పదిరోజులు ఎందుకు పెడతారండీ ఎవరైనా!"

"గుమ్మడి వడియాల పక్కన పెట్టారు. తిరగేస్తూ."

ఆయన పక్కనున్న చిన్న పెట్టె తెరిచి చూపించాడు. లోపల ఊదారంగు దీపం. "సార్, ఈ చిప్పుల్లో రాసింది చెరపాలంటే ఈ దీపం కింద ఇరవై నిమిషాలు పెడతాం. ఆ కిటికీ ఉన్నది అందుకే. స్టిక్కర్ ఉన్నది ఎండ తగలకుండా. మీ వాళ్ళు స్టిక్కర్ తీసేసి, సూర్యుణ్ణే దీపంగా పెట్టేశారు. ఇంత శుభ్రంగా నేను కూడా చెరపలేను."

అంటే మా అత్తగారు ఆ మెషిన్ చదువుకున్నదంతా వడియాల్లా ఎండబెట్టి తుడిచేశారన్నమాట! ఆ ముక్క ఆషాఢంలో అల్లుడు నోరు విప్పి అనగలిగేది కాదు.

కొత్త చిప్పు రాయాలంటే నకలు తీయడానికి అసలుండాలి. మూడు రోజులు రాజమండ్రిలో ఉన్న స్కూళ్ళ అటకలన్నీ ఎక్కాను. నన్ను చూసి ఎన్ని బల్లులు వలస పోయాయో లెక్కలేదు. చివరికి ఒక స్కూలు అటక మీద, పగిలిన గ్లోబుకీ మూడుకాళ్ళ బల్లకీ మధ్య అదే జాతి మెషిన్ దొరికింది. వాచ్‌మన్‌ని బతిమాలి దాని చిప్పు ఒక్కపూట అడిగి తెచ్చి, మెకానిక్ చేతిలో పెట్టాను. ఆయన నకలు తీసి, "చిన్న చిప్పులు అయిపోయాయి సార్. దీనికి రెట్టింపు చోటున్నది వేశాను. ఎక్కువుంటే మంచిదేగా," అని నా జేబులో వేశాడు. కిటికీ మీద వెండిరంగు స్టిక్కర్ రెండు పొరలు అంటించాడు. వడియాల భయం ఆయనకీ పట్టుకుంది.

రెండో ఆదివారం గుమ్మంలో మా ఆవిడ నాకు రెండు చేతులూ చూపించింది. అరచేతుల నిండా, వేళ్ళ చివర్ల దాకా ముద్ద గోరింటాకు. ఆషాఢంలో ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకోవాలని ఇంకో నియమం ఉందిగా. అది ఆదివారం పొద్దున్నే పెట్టుకోవాలా అని అడిగితే, "మధ్యాహ్నానికి ఎండిపోతుందండీ, ఆగండి," అంది. మామగారికి ఆగే ఓపిక లేదు. చిప్పు ఆయనే పెడతానన్నారు.

"చిప్పు చివర గాటు ఉన్న వైపు, కింద సాకెట్ మీది గాటు వైపే ఉండాలండీ మావయ్యగారూ!" ఇవతల్నుంచి నేను.

"గాటు వైపే ఉంది బాబూ!"

"కాళ్ళు ఏవీ వంగలేదు కదండీ?"

లోపల ఆయన గొణుగుతూ లెక్కపెట్టడం వినిపించింది. "ఇరవై ఎనిమిది. మొత్తం దిగాయి. వరసకి పధ్నాలుగు చొప్పున రెండు వరసలు. రెండుసార్లు లెక్కపెట్టాను."

"వెయ్యండి!"

వేశారు. టీవీ తెర నల్లగానే ఉంది. ఆ మాట చెప్పడానికి మామగారు గుమ్మంలోకి వచ్చిన తీరు చూస్తే, ఎవరికైనా అగరొత్తులు వెలిగించాలనిపిస్తుంది. మళ్ళీ తీయించాను, మళ్ళీ పెట్టించాను. కాలు కింద కాలు మడత పడిందేమోనని భూతద్దం పెట్టి చూడమన్నాను. వైరు మార్పించాను. చివరికి టీవీ మీద ఒక దెబ్బ కూడా వేయించాను. నిజంగా బాగుచేద్దామని వచ్చాను ఆ రోజు. పరువు గుర్తొచ్చింది లెండి. బాగుపడలేదు.

"బాబూ," అన్నారు మామగారు మెల్లగా, "ఎండలో పెట్టడం వల్లే పోయిందా?"

గుమ్మం వెనక అత్తగారి గాజులు ఒక్కసారి చప్పుడై ఆగిపోయాయి.

"అబ్బెబ్బే, వయసండీ. వీటికి వయసు మీద పడితే మతిమరుపు వస్తుంది," అన్నాను. గాజులు మళ్ళీ కదిలాయి. ఆ పూట నా కంచంలో పనసపొట్టు కూర రెండోసారి అడక్కుండానే వచ్చింది.

చిప్పుని జేబులో వేసుకెళ్ళి మెకానిక్ ముందు పడేశాను. ఆయన బుర్ర గోక్కుని, కాగితం మీద గీతలు గీసి, ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు.

"సార్, తప్పు నాదే. మీ పాత చిప్పు పెంకుటిల్లు అనుకోండి. నేనిచ్చింది రెండంతస్తుల మేడ. సామానంతా కింది అంతస్తులో దించాను. మీ మెషిన్‌లో ఒక వైరు ఎప్పుడూ పైకే చూపిస్తుంది. పెంకుటింట్లో అయితే దానికి పని లేదు, ఏమీ కాలేదు. ఇప్పుడు మీ మెషిన్ లేస్తూనే తిన్నగా మేడెక్కి, గదులన్నీ ఖాళీగా ఉంటే, ఇంట్లో ఎవరూ లేరని పడుకుంటోంది."

"మరేం చేద్దాం?"

"కిందా పైనా రెండంతస్తుల్లోనూ అదే సామాను పెట్టేస్తాను. ఎక్కడికెళ్ళినా దొరుకుతుంది."

పావుగంటలో రాసిచ్చాడు. అంత తెలివైన పరిష్కారం నా జన్మలో చూడలేదు. ఇది పనిచేసి తీరుతుందని నాకు తెలిసిపోయింది. తెలిసిపోగానే దిగులు పట్టుకుంది. మూడో ఆదివారానికే బాగైపోతే, మిగిలిన రెండు ఆదివారాలూ ఏం పని చెప్పుకుని వెళ్ళాలి? బస్సులో ఒక దశలో, చిప్పుని వంతెన మీంచి గోదావరిలోకి జారవిడుద్దామా అని కిటికీ దాకా చెయ్యి వెళ్ళింది. మామగారి మొహం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

ఆ రోజు మామగారు ఇంట్లో లేరు. పక్కూళ్ళో ఎవరినో పరామర్శించడానికి వెళ్ళారు. మా ఆవిడ వచ్చి చిప్పు తీసుకుంది. గోరింటాకు పండిన వేళ్ళు, ఎర్రగా, మిరపపళ్ళలా ఉన్నాయి. ఆ వేళ్ళ మధ్య చిప్పుని చూసి, నేను గాటు సంగతి చెప్పడం మర్చిపోయాను. "గాటు వైపు గాటేగా?" అని తనే అడిగి వెళ్ళింది.

లోపల పెట్టిన చప్పుడు. స్విచ్ వేసిన చప్పుడు. నేను కుర్చీలో ముందుకి జరిగాను. బామ్మగారు వత్తి చెయ్యడం ఆపింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు.

తర్వాత మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "రాలేదండీ. నల్లగానే ఉంది," అంది.

"సరిగ్గా చూశావా?"

"చూశానండీ. చీకటి. కటిక చీకటి."

ఆ మాట ఎంత చలాకీగా చెప్పిందంటే, భర్త ఓడిపోయినా ధైర్యం చెప్పే ఇల్లాలు దొరికిందని నా కళ్ళు చెమర్చాయి. చిప్పుని అక్కడే ఉంచమని, వచ్చే ఆదివారం ఇంకోటి తెస్తానని చెప్పాను. తిరుగు బస్సులో సగం సంతోషం, సగం అవమానం.

ఆ వారం మెకానిక్‌తో నా స్నేహం తెగిపోయేదాకా వచ్చింది. "మీ మేడ కూలిపోయిందండీ," అన్నాను. ఆయన మండిపడ్డాడు. తన దగ్గర ఉంచుకున్న కాపీని, మళ్ళీ అడిగి తెప్పించిన అటక మీది చిప్పుతో మూడుసార్లు పోల్చి చూపించి, "అక్షరం తేడా లేదు. చిప్పులో తప్పు లేదు సార్. చూసేవాళ్ళలో ఉంది," అన్నాడు. నేను కోపంగా ఇంకో చిప్పు రాయించుకున్నాను. నాకు నిద్రలేదు. పాఠం చెప్తూ చెప్తూ బోర్డు మీద ఇరవై ఎనిమిది కాళ్ళ జెర్రిని గీసి, స్టూడెంట్లని దాని కాళ్ళు లెక్కపెట్టమన్నానట. నేను కంప్యూటర్ విద్యకి పనికిరానని, రావులపాలెంలో అరటిగెలలు ఎత్తే పని దొరికితే ఊరు కూడా దగ్గరవుతుందని గట్టిగా ఆలోచించాను.

నాలుగో ఆదివారం కుర్చీలో కూర్చుంటూనే యుద్ధానికి దిగాను. మా ఆవిడ ఎదురు గుమ్మంలో ఉంది. ఎందుకో ఇవతలికి రాకుండా, తలుపు పట్టుకునే నిలబడింది.

"ముందు ఆ పోయిన వారం చిప్పు పీకెయ్!" అని అరిచాను. "దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతోంది. పీకేసి ఇది పెట్టు!"

ఆవిడ లోపలికి చూసింది. కదల్లేదు.

"పీకెయ్ అంటుంటే! వైరు కూడా తియ్యక్కర్లేదు, అలాగే పీకెయ్!"

అప్పుడు లోపల్నుంచి ఒక కేక వచ్చింది. "వద్దు! ఎవరూ ముట్టుకోకండి! ఆట మధ్యలో ఉంది! నా మంత్రి పోతుంది!"

వీధిలో వెళ్తున్న సైకిలాయన దిగిపోయాడు. బామ్మగారి ఒళ్ళోంచి దూది ఎగిరింది. మామగారు పంచె సర్దుకుంటూ అరుగు మీదకి వచ్చారు. నన్ను చూశాక గానీ తనేం అన్నారో ఆయనకి తెలియలేదు.

"మావయ్యగారూ, ఏం ఆటండీ?" అన్నాను.

"చదరంగం," అన్నారు నేలచూపులు చూస్తూ.

"అంటే లేచిందా?"

"పోయిన ఆదివారమే లేచింది బాబూ. నేను సాయంత్రం ఇంటికొచ్చి స్విచ్ వేస్తే తెర నిండా అక్షరాలు. అమ్మాయి చెప్పొద్దంది. నేను అబద్ధం ఆడలేదు సుమండీ. మీరు నన్ను అడగలేదు."

నేను మా ఆవిడ వైపు చూశాను. తను తలుపు గొళ్ళేన్ని శ్రద్ధగా పరిశీలిస్తోంది. చెవులు మాత్రం గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. నాకు కోపం రావాలి. వారం రోజుల నిద్ర, ఒక మెకానిక్ స్నేహం, కంప్యూటర్ విద్య మీద నమ్మకం, ఇన్ని పోగొట్టుకున్నాను. కోపం కోసం వెతికాను గానీ ఎక్కడా దొరకలేదు. 'కటిక చీకటి' అన్న మాట మళ్ళీ చెవిలో వినిపించి, లోపల ఎక్కడో బల్బులన్నీ వెలిగి నెమలి పురి విప్పింది.

"నాకెందుకో అనుమానంగానే ఉంది," అంది బామ్మగారు దూది ఏరుకుంటూ. "మంగళవారం ఉప్పు కోసం వాళ్ళింటికి వెళ్తే, మీ మావగారు టీవీతో 'కదులు, కదులు' అంటూ కొట్లాడుతున్నారు."

ఈ గొడవకి అత్తగారు కూడా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో గరిటె ఉంది. హాల్లో కేకలు క్రికెట్‌వనుకున్నారేమో, వంటింట్లో ఉన్న ఆవిడకి ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలియదని మొహం చూస్తే తెలిసింది. కూతుర్ని ఒకసారి, భర్తని ఒకసారి, వీధి అవతల నన్ను ఒకసారి చూశారు.

"అయితే బాగైపోయిందన్నమాట," అన్నారు. "సంతోషం. పాపం నాలుగు వారాలు మీకు ఎంత శ్రమైందో బాబూ. ఇక వచ్చే ఆదివారం అంత దూరం పడి రానక్కర్లేదు."

ఇంకా ఒక ఆదివారం ఉంది. అయిదోది. ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం తెలుసు గానీ, ఆన్ అయిపోయినదాన్ని ఏం చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. మా ఆవిడ గొళ్ళెం వదిలేసి, మొదటిసారి తలెత్తి వాళ్ళ నాన్న వైపు చూసింది.

ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పి, తెలిసినవాళ్ళ పిల్లలకి కూడా అర మార్కు ఊరికే వెయ్యని మనిషి ఆయన. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"పూర్తిగా బాగవలేదే," అన్నారు అత్తగారితో. "ఇందాక దాని గుర్రం తిన్నగా నడిచింది."

"గుర్రం తిన్నగా నడిస్తే నష్టం ఏంటండీ?"

"అమ్మో! నడవకూడదు. చాలా ప్రమాదం." వీధి మీదుగా నన్ను చూశారు. "అంతే కదా బాబూ?"

"చాలా ప్రమాదం మావయ్యగారూ," అన్నాను. "నాకు భయంగానే ఉంది. వచ్చే ఆదివారం పెందలాడే వస్తాను."

అత్తగారు గరిటె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"పెందలాడే అయితే టిఫిన్ తినకుండా బయల్దేరండి," అన్నారు లోపలికి వెళ్తూ. "పెసరట్లు ఎదురింటికి పంపిస్తాను."